లెగనన్న ప్రిస్కిల్లా

గరివిడిలో మా చర్చి తెరమీద పాటలు వేసేది డీటీపీ సెంటర్లో పనిచేసే ప్రిస్కిల్లా. 2016లో కంప్యూటర్‌లో తెరమీద బొమ్మని నడిపే ప్రోగ్రాం, గ్రాఫిక్స్ డ్రైవర్, కొత్తది పడ్డాక, పాట మధ్యలో తెర బిగుసుకుపోయేది. మేమేమో కనబడుతున్న చరణాన్నే మళ్లీ మళ్లీ పాడుతూ ఉండేవాళ్లం.

ఓ ఆదివారం సంఘపెద్ద కృపారావు, ఆమె మేనమామే, అందరిముందూ విసుక్కున్నాడు. "ఆడపిల్ల సెయ్యి పడితే ఇంతే. లెగు, నా కొడుకు బెన్హర్ కూకుంటాడు."

"లెగను మావా. పాడైంది డ్రైవరు, నా సెయ్యి కాదు."

ప్రసంగం ముగిసేలోపు కొత్త డ్రైవర్ తీసేసి, పాతది ఎక్కించి, కంప్యూటర్‌ని మళ్లీ ఆన్ చేసింది. చివరి పాట ఎక్కడా ఆగలేదు.

"నాను ప్రార్థన సేసాను కాబట్టే నడిసింది," అన్నాడు కృపారావు.

ప్రిస్కిల్లా కుర్చీలోంచి కదల్లేదు. "అలాగైతే వచ్చే ఆదోరం ఆ కొత్త డ్రైవరే మళ్లీ ఏస్తాను. నువ్వు ప్రార్థన సేసి నడిపించు మావా."