ఇప్పుడెంత?

కోపంలో నేను పోగొట్టుకున్నవి మూడు ఫోన్లు, ప్లాట్ల వ్యాపారంలో ఇద్దరు భాగస్వాములు, చివరికి భార్య. ఆమె చేవెళ్లలోని తన తమ్ముడింటికి వెళ్లి తిరిగి రాలేదు. ఐటీ కంపెనీల వల్ల మా భూముల ధరలు రోజుకో రకంగా పెరుగుతున్న కాలమది.

మొయినాబాద్ దవాఖానాకు వారానికోసారి ఒక కౌన్సెలర్ వచ్చేది. నన్ను చూడగానే అడిగేది.

"పదికి ఎంతున్నదన్నా కోపం?"

"పదకొండు, మేడం."

"వడ్డీ గూడ కలుపుతున్నవా? జర మొకం ముంచు."

చల్లటి నీళ్ల టబ్బులో ఊపిరి బిగబట్టి ముఖం ముంచేవాణ్ని. తర్వాత నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలేవాణ్ని.

"ఇప్పుడెంత?"

"ఐదు."

ఒకరోజు, బదిలీ అయిందని, ఇక రానని చెప్పింది. నన్ను ఏదైనా అడిగే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. టబ్బును తన్నాను. నీళ్లన్నీ ఆమె చీర మీద పడ్డాయి.

ఆమె కుచ్చిళ్లు పిండుకుంటూ, ఎప్పటిలాగే అడిగింది. "ఇప్పుడెంతన్నా?"

ఆ మాటతో కోపమంతా పోయింది. సిగ్గుతో, జవాబు చెప్పకుండానే బస్సెక్కాను.

ఇప్పుడు ఇంట్లో ఒక్కణ్నే బకెట్లో ముఖం ముంచి లేస్తాను. ఎంత అని అడిగేవాళ్లు లేరు. ఆ రోజు ఆమెకు చెప్పవలసిన అంకె మాత్రం ఇంకా బాకీ ఉంది: సున్నా.