కెజియా మేడం, ఎర్ర పేజీ, రూపనగుడి బోరు

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా ఫోన్ వచ్చింది. కెజియా మేడం ఇక లేరట.

మొన్న సాయంత్రమే నాకు వాయిస్ మెసేజ్ పెట్టారు. "ఆ ఎర్ర పేజీ పోయిందో లేదో చూడప్పా" అని.

పొద్దున చూద్దాంలే అనుకున్నాను. జవాబివ్వలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మేడం బళ్ళారిలో మాకు కెమిస్ట్రీ చెప్పారు. మార్కులు వేయడంలో మహా పిసినారి. రిటైరయ్యాక ఊరూరా బస్సులో తిరిగి, బోరు నీళ్ళు సీసాల్లో పట్టి, ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షించేవారు. ఏ బోరు నీళ్ళు తాగొచ్చో వెబ్‌సైట్‌లో పెట్టేవారు. ఆ సైట్ తయారుచేసింది నేనే.

తాగకూడని బోరుకు ఎర్ర రంగు పూయించేవారు. చదువు రానివాళ్ళకూ తెలియాలని.

రెండు నెలల కిందట సెర్చ్ ఇంజన్ ఆ సైట్ ప్రమాదకరమని తేల్చింది. ఎవరు తెరిచినా ఫోన్ నిండా ఎర్రటి హెచ్చరిక పేజీ. ఎందుకో చెప్పదు. అంతా వెతికాను, వైరస్ లేదు, ఏమీ లేదు. మళ్ళీ పరిశీలించమని నాలుగు సార్లు అర్జీ పెట్టాం.

ఈలోగా రూపనగుడిలో ఎవరో ఆ పేజీ చూశారు. ఊళ్ళో ఉన్న ఒక్క మంచి బోరు వదిలేసి, తోటల దగ్గరి బోరు నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. అది మేడం ఇంకా పరీక్షించని బోరు.

సంగతి తెలిసి మేడం నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళారు. తిమ్మక్క అనే పెద్దావిడ సూటిగా అడిగింది.

"ఎరుపు కనపడితే తాగొద్దని నువ్వే చెప్పింటివి కదమ్మా. ఇప్పుడు నీ పేజీనే ఎర్రగుండాది. మేమేం జేయల్ల?"

నాకు నవ్వొచ్చింది. మేడం నవ్వలేదు.

"తప్పు నాదేలే తిమ్మక్కా. ఎరుపు చూసేది నేర్పినా, నీళ్ళు చూసేది నేర్పలే."

రెండు బోర్ల నీళ్ళూ తెప్పించి, మందు చుక్కలు తిమ్మక్క చేతే వేయించారు. మంచి బోరు నీళ్ళు గులాబీ రంగుకొచ్చాయి. తోట బోరు నీళ్ళు పసుపుకు తిరిగాయి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ మందు సీసా తిమ్మక్క చేతిలోనే పెట్టి వచ్చేశారు.

తిరుగు బస్సులో మేడం మెల్లగా అన్నారు. "ఇన్నేండ్లు పాఠం చెప్పినా. నన్ను ప్రమాదమని ఎవరూ అనలేదప్పా."

ఆ మాట నా మనసులో ఇంకా అలాగే ఉంది.

ఈ మధ్యాహ్నం మేడం సమాధి కార్యక్రమానికి వచ్చినవాళ్ళకు తాగే నీళ్ళు రూపనగుడి నుంచి వచ్చాయి. ఆటోలో నాలుగు క్యాన్లు, వాటి పక్కన తిమ్మక్క.

"పొద్దున్నే చూసినా. గులాబీనే" అంది నాతో.

ఒక గ్లాసు తాగాను. అక్కడే ఏడ్చేశాను.

మేడం, జవాబు ఆలస్యమైంది, క్షమించండి. పేజీ ఇంకా ఎర్రగానే ఉంది. అయినా రూపనగుడి మీ బోరు నీళ్ళే తాగుతోంది.

ఐదో అర్జీ నేను పెడతాను. మీరు ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండండి.