జోస్లీన్ కూర్చున్న చోటు

మా సాన్ మాలో ఊరి కోటగోడకు సముద్రం వైపున్న ద్వారం పక్కనే జోస్లీన్ అట్ల కొట్టు. దాన్నానుకుని నా ఆల్చిప్పల బండి. ఇన్నేళ్లు పక్కపక్కనే బతికాం కాబట్టి ఆవిడ చాదస్తాలన్నీ నాకు కంఠతా వచ్చు. నిలబడ్డవాళ్లకు అట్టు పెట్టదు. ఎక్కడికో పోతూ మధ్యలో ఆగినవాళ్లు కారు తాళాలు ఆడిస్తూ, ఓ అట్టు కాగితంలో చుట్టిస్తే పోతామంటారు. ఆవిడ పెనం వదిలేసి, ముక్కాలి పీట లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని వాళ్ల ఎదురుగా కూర్చుంటుంది. వాళ్లు కూర్చునేదాకా అంతే. వచ్చిన బేరం చేజేతులా పోగొట్టుకుంటున్నావని నేను తిట్టేదాన్ని. మోకాళ్ల నొప్పులేమోనని కూడా అనుకున్నాను.

రెండో చాదస్తం పలక. గోడ కింది ఇసుకలోంచి ఎదురుగా ఉన్న రాతి దీవికి రాళ్లు పరిచిన దారి ఉంది. సముద్రం తగ్గినప్పుడు బయటపడుతుంది, పొంగినప్పుడు మునిగిపోతుంది. అక్కడ చిక్కుకుపోతే ఏం చెయ్యాలో మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. దీవి మీదే కూర్చోవాలి, నీళ్లు మళ్లీ తగ్గేదాకా దిగకూడదు. అంత తెలిసీ జోస్లీన్ మొగుడు గిల్డాస్ మునుగుతున్న దారిలోకి దిగాడు. కెరటం కాళ్లు లాగేసింది. ఎందుకు దిగాడో ఎవరికీ అంతుపట్టలేదు. తెలిసిన దారేనన్న పొగరు అని తీర్మానించాం. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటినుంచి ఆవిడ రోజూ పొద్దున్నే, దారి ఎప్పుడు మునుగుతుందో పలక మీద సుద్దతో రాసి తలుపుకు తగిలిస్తుంది. ఆ ఇసుకలో మాత్రం మళ్లీ అడుగు పెట్టలేదు.

వసంతంలో మేం గడియారాలు గంట ముందుకు జరుపుకుంటాం. ఆవిడ పలకకు వేళలు చూసుకునే ఆటుపోట్ల పుస్తకం మాత్రం ఏడాది పొడుగునా చలికాలపు వేళే చెబుతుంది. అందుకని వేసవంతా ఊళ్లో ప్రతివాళ్లూ దానికో గంట కలుపుకుంటారు. ఆలోచించి చేసే పని కాదది, చేతికి అలవాటైపోయింది. ఈసారి పుస్తకం కొత్తవాళ్లెవరో అచ్చేశారు, ఆ గంట వాళ్లే కలిపేశారు. మొదటి పేజీలో చెప్పారు కూడా. మా ఊళ్లో మొదటి పేజీ ఎవడు చదివాడు? గడియారాలు మార్చిన ఆ ఆదివారం, పలక రాస్తూ జోస్లీన్ చెయ్యి మామూలుగానే ఇంకో గంట కలిపింది.

ఆ మధ్యాహ్నమే బెల్జియం నుంచి స్పెయిన్ దాకా కారులో పోతూ యోరిస్ అనే ఆయన మా ఊళ్లో ఆగాడు. వెంట తొమ్మిదేళ్ల కూతురు ఫెన్నా. పిల్ల కొట్టంతా గెంతుతోంది. జోస్లీన్ పీట లాక్కుని కూర్చుంది.

"నా అట్టేదీ?" అంది పిల్ల.

"నువ్వు నిలబడ్డావుగా తల్లీ. నాకేం తొందర లేదు."

పిల్ల ఆవిడ వంక కాసేపు చూసి, నవ్వి, తనూ చేతులు ఒళ్లో పెట్టుకుని అచ్చం ఆవిడలాగే కూర్చుంది. ఉప్పు వెన్న కారుతున్న అట్టు తిని ఇంకోటి అడిగింది. దీవి చూసి రావచ్చా అని తండ్రి అడిగితే, బోలెడంత టైముందని జోస్లీనే పలక చూపించింది.

వాళ్లు వెళ్లిన కాసేపటికి నేను గోడెక్కి చూశాను. దారి మధ్యలో రాళ్ల మీదికి నీళ్లు వస్తున్నాయి. కిందికొచ్చి ఆ మాట చెప్పగానే జోస్లీన్ పలక వంక చూసింది, పుస్తకం వంక చూసింది. మొదటి పేజీ తిప్పి చదివింది. పెనం మీద అట్టు మాడుతుంటే అలాగే వదిలేసి, పిండి చేతులతో పరిగెత్తింది. నేను రక్షణ పడవవాళ్లకు ఫోన్ చేసి వెనకాలే పరిగెత్తాను. వస్తున్నామన్నారు, కానీ వాళ్లు వచ్చేలోపు పోటు ఎంత పెరుగుతుందో నాకు తెలుసు.

ఇసుకలో జోస్లీన్ చేతులు ఊపుతూ, అక్కడే ఉండమని గొంతు చించుకుంటోంది. ఎదురుగాలికి ఆ కేక మా దాకానే వినిపించింది. దీవి అంచున నిలబడ్డ యోరిస్ ఆవిడను చూశాడు. ఆ పరుగుకు బెదిరిపోయి, కూతురి చెయ్యి పట్టుకుని దారిలోకి దిగాడు. మేం ఎంత అరిస్తే అంత తొందరగా నడుస్తున్నాడు. పిల్ల మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. మా కళ్లముందే పోతారు, మేమే చంపుతున్నాం అనిపించింది.

జోస్లీన్ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అరవకు. పరిగెత్తకు. కూర్చో," అంది నాతో.

మతి పోయిందనుకున్నాను. ఆవిడ నీటి అంచున, తడి ఇసుకలో, వాళ్లకు ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. వాటిని ఒకదాంతో ఒకటి అదిమి పట్టుకుంది. నేనూ కూర్చున్నాను. చల్లటి నీళ్లు ఒడిలోకి వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. ఆవిడ కదల్లేదు.

పిల్ల ఆగింది. మా వైపే చూసింది. చటుక్కున చెయ్యి విడిపించుకుని వెనక్కి, దీవి వైపు పరిగెత్తి, రాయెక్కి కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తండ్రి నీళ్లలో నిలబడి ఆ పిల్లను పిలుస్తున్నాడు, మా వైపు చూస్తున్నాడు, మళ్లీ పిలుస్తున్నాడు. పిల్ల లేవలేదు. ఓ కెరటం ఆయన్ని పడేసింది. లేచాడు. ఇంకోటి వచ్చేలోపు వెనక్కి తిరిగి, పాకుతూ కూతురి పక్కకు చేరాడు. ఆయన వెనకాల దారి పూర్తిగా మునిగిపోయింది.

పడవ వచ్చి ఇద్దరినీ ఎక్కించుకునేదాకా జోస్లీన్ అక్కడే, నడుం లోతు నీళ్లలో కూర్చునే ఉంది. చంకల కింద చేతులేసి ఒడ్డుకు లాగాను. ఇద్దరూ బతికారు, ఇంక ఏడవకు అన్నాను. ఆవిడకు వినిపించలేదు.

"గిల్డాస్‌ను గోడ మీంచి నేను చూశాను," అంది. "దీవి మీద తీరిగ్గా కూర్చుని పైపు కాల్చుకుంటున్నాడు. కూర్చోవాలని ఆయనకు తెలుసు. నాకే భయమేసింది. ఇలాగే అరుచుకుంటూ ఈ ఇసుకలో పరిగెత్తాను. నాకేదో అయిందనుకుని దిగాడు."

ఆవిడ దీవి వైపు తిరిగింది.

"ఊరికే ఇలా కూర్చుని ఉంటే సరిపోయేది," అంది.