"ఏమీ లేవు" అని రాసిన ఫారం

1984 ఏప్రిల్. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో, ఒక డెంటిస్టు ఆఫీసుకీ డ్రైక్లీనింగ్ షాపుకీ మధ్య ఉన్న చిన్న ట్రావెల్ ఏజెన్సీలో నేను చేరి అప్పటికి రెండేళ్లయింది. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, ఇంట్లో రెండేళ్ల పాప. బీఎస్సీ తప్ప ఏ అనుభవమూ లేని నన్ను మా యజమానురాలు బార్బరా తీసుకోవడానికి ఒకటే కారణం. చుట్టుపక్కల ఇండియా వాళ్లు పెరుగుతున్నారు, వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడే మనిషి కావాలనుకుంది. అనుకున్నట్టే తెలుగువాళ్లు నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. ఎక్కువమంది కొనేది హైదరాబాదు టికెట్లే. సరదాకి వేరే దేశం చూడటానికి వెళ్లే కుటుంబాలు అప్పట్లో తక్కువ.

అలాంటి అరుదైన కుటుంబం కృష్ణారావుగారిది. ఆయన ఇంజనీరు. భార్య శారదగారు, పద్నాలుగేళ్ల మాధురి, తొమ్మిదేళ్ల లత. పేర్లు మార్చి రాస్తున్నాను. మాధురి స్కూల్లో ప్రాచీన నగరాల మీద ఏదో ప్రాజెక్టు చేసి, ట్యునీషియా చూడాలని ఇంట్లో పట్టుబట్టిందట. ఆఫీసుకి వచ్చిన రోజు నా బల్ల మీదున్న బ్రోషర్ మొత్తం తిరగేసింది.

"ఆంటీ, క్యామెల్ రైడ్ రియల్‌గా ఉంటుందా, లేక ఫొటో తీసి దించేస్తారా?"

"గంటన్నర ఎక్కిస్తారు. దిగాక రెండు రోజులు నడవలేవు."

"దట్స్ ఓకే. నడవక్కర్లేదు, బస్ ఉంది కదా."

పది రోజుల గైడెడ్ టూర్. ట్యునిస్‌లో మొదలై కైరువాన్, మత్మాత మీదుగా దక్షిణాన దూజ్ అనే ఊరు చేరుతుంది. అక్కడి నుంచి జీపుల్లో రెండు గంటలు లోపలికి వెళ్లి, ఎడారిలో గుడారాల్లో ఒక రాత్రి. పిల్లల సెలవులు జూన్‌లో కాబట్టి జూన్‌లోనే వెళ్లాలి. ఆ నెలలో ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పబోతే కృష్ణారావుగారు నవ్వారు.

"ఏమ్మా, బెజవాడలో పుట్టి పెరిగినవాళ్లకి ఎండ గురించి చెప్తున్నావా?"

ఆయన స్నేహితుడు ప్రసాద్‌గారు, భార్య సుశీలగారు కూడా అదే టూర్‌కి వస్తున్నారు. రెండు కుటుంబాలూ ఒకే వీధిలో ఉంటాయి.

టికెట్ల మాట అయ్యాక నేను ఫారాలు తీశాను. అందులో ఒకటి మెడికల్ డిక్లరేషన్. ప్రయాణం చేసేవారికి ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారు అని అడిగే ఒక పేజీ కాగితం. మేం కార్బన్ కాపీ మాత్రం ఉంచుకుని అసలు కాగితాన్ని ఆ దేశంలో హోటళ్లు, బస్సు, గైడు ఏర్పాటు చేసే గ్రౌండ్ ఆపరేటర్‌కి పంపుతాం. అక్కడి నుంచి గైడు చేతికి వెళుతుంది. ఎవరిని ముందు సీట్లో కూర్చోబెట్టాలో, ఎవరిని ఎక్కడ ఆపేయాలో గైడు దాన్ని చూసి నిర్ణయించుకుంటాడు.

శారదగారు ఫారాలు నింపుతుంటే మాధురి అడిగింది: "ఆంటీ, అన్ని హోటల్స్‌లో ఫ్రిజ్ ఉంటుందా?"

శారదగారి పెన్ను ఆగింది. "దీనికి చల్లటి నీళ్ల పిచ్చి," అని నవ్వి, కూతురి మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కారు. మాధురి తల దించుకుని మళ్లీ బ్రోషర్ చూసింది.

కాసేపాగి శారదగారు మామూలుగా అడుగుతున్నట్టే అడిగారు. "బస్సు ప్రతి రెండు మూడు గంటలకీ ఆగుతుంది కదా రాధా? భోజనాలు టైముకి పెడతారు కదా?"

మా మేనమామ ఇన్సులిన్ తీసుకునేవాడు. మా ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో ఆ సీసాలు పక్కింటి ఫ్రిజ్‌లో ఉండేవి. రోజూ పొద్దున్న వెళ్లి తెచ్చేది నేనే. ఫ్రిజ్, టైముకి భోజనం, తల్లి కూతురి మోకాలు నొక్కడం, ఈ మూడూ కలిపి చూడటానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేదు. అడగాలని నోటిదాకా వచ్చింది.

అడగలేదు. ఎందుకంటే ఆమె ఎందుకు దాస్తోందో నాకు బాగా తెలుసు. మా పాపకి జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వచ్చేవి. పెద్దయితే పోతాయని డాక్టరు చెప్పారు. అయినా ఆ సంగతి నాకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. పగలు పాపను చూసుకునే బేబీసిట్టర్‌కి కూడా చెప్పలేదు. ఆమె దగ్గరికి ఇంకో రెండు తెలుగు ఇళ్ల పిల్లలు వచ్చేవారు. ఆడపిల్ల గురించి ఒక మాట బయటికి వెళితే ఇరవై ఏళ్ల తర్వాత సంబంధాలు చూసేటప్పుడు ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అమెరికాలో మనవాళ్లు కొద్దిమందే కాబట్టి ఆ మాట ఇంకా త్వరగా పాకుతుంది. ఇలా ఆలోచించేదాన్ని కాబట్టి శారదగారిని ఇబ్బంది పెట్టకపోవడమే మర్యాద అనుకున్నాను.

మాధురి ఫారంలో ఆమె "ఏమీ లేవు" అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి సంతకం పెట్టారు. నేను దాన్ని ఫైలులో పెట్టాను.

జూన్ మూడో వారంలో ఒక ఉదయం ఆఫీసు తెరిచేసరికి టెలెక్స్ మెషీన్ దగ్గర కాగితం వేలాడుతోంది. వేరే దేశంలో టైపు చేసిన మాట మన దగ్గర అచ్చయి బయటికి వచ్చే యంత్రం అది. మామూలుగా హోటల్ బుకింగులు వచ్చేవి. ఆ రోజు వచ్చింది నాలుగు లైన్లు. మాధురి చనిపోయింది. ఆసుపత్రివాళ్లు డయాబెటిస్ అంటున్నారు. మీరు పంపిన ఫారంలో ఏమీ లేదు. వెంటనే వివరణ ఇవ్వండి.

బార్బరా చదివి నా వైపు చూసింది. "నీకేమైనా చెప్పారా?"

"చెప్పలేదు," అన్నాను. అది నిజమే.

ఏం జరిగిందో నాకు తర్వాత రెండు చోట్ల నుంచి తెలిసింది. ఒకటి గైడు హబీబ్ రాసిన రిపోర్టు. రెండోది శారదగారు.

ఇన్సులిన్ సీసాల్ని ఆమె చిన్న ఫ్లాస్కులో ఐసు వేసి చేతిలోనే పట్టుకుని బయల్దేరారు. మొదటి రోజు బస్సులో సుశీలగారు అడిగారట. "ఏంటి శారదా, ఆ ఫ్లాస్కుని చంకలోంచి దించట్లేదు? ఫిల్టర్ కాఫీయేనా? మాకూ ఓ గుక్క పొయ్యకూడదూ?" అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే ఫ్లాస్కు పెద్ద సూట్‌కేసులోకి వెళ్లిపోయింది. హోటళ్లలో ఇబ్బంది రాలేదు. పొద్దునా సాయంత్రం బాత్రూం తలుపు వేసుకుని ఇంజెక్షన్ ఇచ్చేవారు. ఐసు మార్చేవారు. ఐదు రోజులు బాగానే గడిచాయి.

ఆరో రోజు దూజ్ నుంచి జీపుల్లో బయల్దేరారు. సూట్‌కేసులన్నీ జీపుల పైకప్పు మీద కట్టారు. దారిలో ఆగి ఏదో చూస్తూ, భోజనం చేస్తూ, సాయంత్రానికి గుడారాలు చేరారు. సూట్‌కేసు దించేసరికి ఫ్లాస్కులో ఐసు లేదు, వేడినీళ్లున్నాయి. అక్కడ ఆడవాళ్లందరికీ ఒకటే గుడారం. బాత్రూం అంటే కాస్త దూరంలో కట్టిన గోనెపట్టా, దాని ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు. సుశీలగారి పరుపు శారదగారి పరుపు పక్కనే.

"ఆ రాత్రి ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఒక్క పూటే కదా అనుకున్నాను," అన్నారు శారదగారు నాతో. "పొద్దున్నే అందరూ సూర్యోదయం చూడ్డానికి వెళ్తారు, అప్పుడు ఇచ్చేద్దాం అనుకున్నాను. ఇచ్చాను కూడా. అది పనిచెయ్యలేదు రాధా. పైకప్పు మీద ఉడికిపోయింది కదా."

పొద్దున్నుంచి మాధురి ఒకటే నీళ్లు తాగింది. తర్వాత వాంతులు. ఎండదెబ్బ అనుకున్నారు అందరూ. కృష్ణారావుగారు మగవాళ్లతో కలిసి ఒంటెల మీద వెళ్లారు, మధ్యాహ్నానికి గానీ రారు. హబీబ్ పుదీనా టీ కాచి, ఎడారిలో అందరికీ ఇచ్చినట్టే నిండా పంచదార వేసి తాగించాడు. ఇంతలో సుశీలగారు తన సంచిలోంచి గ్లూకోజ్ పొడి తీశారు. ఎడారి కదా అని ఇండియా నుంచి తెచ్చుకున్న డబ్బాని ప్రత్యేకంగా పెట్టుకుని వచ్చారు. మాధురి తల ఒళ్లో పెట్టుకుని, "తాగమ్మా, బంగారూ, ఇంకొక్క చెంచా" అంటూ గ్లాసుడు నీళ్లు పోశారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఆవిడ చెంచాతో పోస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను," అన్నారు శారదగారు. "ఇంజెక్షన్ ఇచ్చాను, పిల్ల ఏమీ తినలేదు, షుగర్ పడిపోయి ఉంటుందేమో, మంచిదేలే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని నాకు లోపల తెలుస్తూనే ఉంది. నోరు రాలేదు. సుశీల ముందు నోరు రాలేదు."

మధ్యాహ్నం భర్త తిరిగి వచ్చాక ఇద్దరూ గుడారం వెనక్కి వెళ్లి మాట్లాడుకున్నారు. హబీబ్‌ను పక్కకి పిలిచి చెప్పేసరికి నాలుగైంది. అతను ఇంకో మాట అడగకుండా జీపు తీశాడు. పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరు నాలుగు గంటల దూరం. మర్నాడు ఉదయం మాధురి పోయింది.

హబీబ్ రిపోర్టు రెండు పేజీలు. ఫ్రెంచిలో రాసినదాన్ని ఆపరేటర్ ఇంగ్లీషులోకి మార్పించి పంపాడు. చివర ఇలా ఉంది: నాకు ముందే చెప్పి ఉంటే ఆ పిల్లను, వాళ్ల అమ్మను దూజ్‌లో హోటల్లోనే ఉంచేవాణ్ణి. నా టూర్లలో ఏడాదికి ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్లు వస్తారు. వాళ్ల మందుల కోసం నా జీపులో ఐసుపెట్టె ఉంటుంది. ఆ రోజు కూడా ఉంది.

ఆ చివరి వాక్యం చదివి నేను ఆఫీసు పని మధ్యలోనే లేచి, బేబీసిట్టర్ ఇంటికి డ్రైవ్ చేశాను. పాప నేల మీద కూర్చుని గిన్నెలతో ఆడుకుంటోంది. బేబీసిట్టర్‌కి పాప ఫిట్స్ సంగతి మొత్తం చెప్పాను. వస్తే ఎలా పడుకోబెట్టాలో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఆమె కోపంగా చూసింది. "ఎనిమిది నెలలుగా నా దగ్గరే వదులుతున్నావు. ఇప్పుడా చెప్పేది?"

ఊళ్లో అందరికీ ఎండదెబ్బ అనే చెప్పారు. లత ఇంకా చిన్నది. వంశంలో జబ్బు ఉందన్న మాట దానికి అంటుతుందేమోనని వాళ్ల భయం. ఒక పుట్టినరోజు పార్టీలో ఒకావిడ నన్ను నలుగురి ముందు నిలదీసింది. "జూన్‌లో ఎడారికి ఎలా పంపావమ్మా పిల్లల్ని? కమిషన్ కోసమా?" ఫారంలో ఏముందో, ఏం లేదో చెప్పే హక్కు నాకు లేదు. ప్లేటు కింద పెట్టి, పాపను ఎత్తుకుని వచ్చేశాను. సుశీలగారు ఆ పార్టీలోనే ఉన్నారు. చాలామందితో ఆమె ఒకటే చెప్పేవారట, "నా చేత్తో గ్లూకోజ్ పట్టాను, అయినా నిలవలేదు" అని. ఆమెకి ఎవరూ నిజం చెప్పలేదు. ఎవరు చెప్పగలరు.

సెప్టెంబరులో శారదగారు ఒక్కరే ఆఫీసుకి వచ్చారు. ఫారం చూపించమన్నారు. మా దగ్గర ఉండే కార్బన్ కాపీ తీసి ఇచ్చాను. తన చేతిరాతని చాలాసేపు చూశారు. పైన రాసినవన్నీ ఆ రోజే నాకు చెప్పారు. ఏడవలేదు.

"నీకు తెలుసు కదా?" అన్నారు చివరికి.

"అనుమానం వచ్చింది."

"మరి ఎందుకు అడగలేదు?"

"మీరు నొచ్చుకుంటారని."

ఆమె తల ఊపారు. ఆ జవాబు ఆమెకి వింతగా తోచలేదు. అద్దాల గది అవతల ఫోన్లో మాట్లాడుతున్న బార్బరాని చూపించారు. "ఆవిడ అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆవిడ మన పార్టీలకి రాదు. స్కూల్ నర్సుకి చెప్పాను, జిమ్ టీచర్‌కి చెప్పాను, పక్కింటి అమెరికన్ ముసలావిడకి చెప్పాను. అందరికీ తెలుసు. తెలుగు మాట్లాడతావని నీ దగ్గరికి వచ్చాం. తెలుగు మాట్లాడతావనే నీకు చెప్పలేదు."

కాపీని మడతపెట్టి తిరిగి నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఆ తర్వాత వాళ్లు వేరే రాష్ట్రానికి మారిపోయారని విన్నాను.

ఈ పనిలో నేర్చుకోవలసినవి చాలా ఉంటాయి. ఏ విమానానికి ఏ విమానం అందుతుందో, ఏ హోటల్లో శాకాహారం దొరుకుతుందో కొన్నాళ్లకి ఎవరైనా నేర్చుకుంటారు. మన మనిషి అనే నమ్మకం కొన్ని విషయాలు చెప్పిస్తుంది, కొన్ని విషయాలు చెప్పనివ్వదు అని నేర్పింది మాత్రం ఈ ఒక్క కేసే. నేను మంచిదాన్నో చెడ్డదాన్నో అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఆ రోజు నేను కూర్చున్న కుర్చీలో తెలుగు రానివాళ్లు ఎవరు కూర్చున్నా ఆ పిల్ల బహుశా బతికేది.

అందుకని బార్బరాతో మాట్లాడి పద్ధతి మార్చాను. తెలుగు కుటుంబం ఏది వచ్చినా టికెట్లు, హోటళ్లు, భోజనం నేనే చూస్తాను. మెడికల్ ఫారం మాత్రం వెనక గదిలో బార్బరా నింపిస్తుంది. కవరులో పెట్టి అంటించి గ్రౌండ్ ఆపరేటర్‌కి తనే పంపుతుంది. అందులో ఏముందో నాకు తెలియదు. ఇంతవరకు అడగలేదు కూడా. కొందరికి ఇది నచ్చదు. మొన్న ఒక పెద్దాయన విసుక్కున్నారు.

"అదేంటమ్మా, తెలుగమ్మాయివి ఉన్నావనే కదా ఇంత దూరం వచ్చాం. మళ్లీ ఆ తెల్లావిడ దగ్గరికెందుకు?"

"అందుకేనండీ," అన్నాను.

ఆయన గొణుక్కుంటూ లోపలికి వెళ్లారు. ఆయన భార్య వెంట వెళ్లారు. నేను వాళ్ల వెనకే తలుపు వేసి, మాటలు వినపడనంత దూరం నడిచి, వాళ్లు బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.