జాలారి పక్కన మే పువ్వు

మా చిన్నప్పుడు... ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున, ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనుక గోడ పక్కన కూర్చుని ముగ్గు పెడుతున్నాను. అందరూ చూసే వాకిట్లో కాదు... ఎవరూ చూడని పెరట్లో.

ఎందుకంటే ఆ మట్టి కింద నా మే పువ్వు గడ్డలు ఉన్నాయి.

యాచారంలో ఉండే మా చిన్నమ్మ ఇచ్చింది వాటిని. ఏడాదికి ఒక్కసారే పూస్తుందని, ఎర్రగా, గుండ్రంగా, పిల్లలాడుకునే బంతి అంత ఉంటుందని చెప్పింది. మొదటి ఏడాది ఆకులే వచ్చాయి. చలికాలానికి అవి కూడా ఎండిపోయి నేల బోడిగా అయింది. నేను ఏడుపు మొహం పెడితే, "ఫికర్ చెయ్యకు బిడ్డా, లోపల గడ్డ మంచిగనే ఉంటది. వచ్చే ఎండలకు పూస్తది" అంది చిన్నమ్మ. అప్పటి నుంచి పొద్దున లేవగానే ఆ మట్టి చూడటమే నా పని.

సరిగ్గా ఆ ఎండాకాలమే బాపు అక్కడ జాలారి కట్టించాలనుకున్నాడు. స్నానాలకు, గిన్నెలు తోమడానికి బండలు పరుస్తారు కదా... అదే జాలారి. వాడిన నీళ్లకు అక్కడ అయిన బురదలో నాయనమ్మ జారిపడింది. ఆమె మోకాళ్లు అసలే బాగుండవు. ఇక ఆ పని ఆగేది కాదు.

నాకు చిన్నప్పటి నుంచీ సిగ్గెక్కువ. బాపుకు ఏం చెప్పాలన్నా నాయనమ్మ చెవిలో వేసేదాన్ని, ఆమె వెళ్లి చెప్పేది. కానీ ఈ జాలారి నాయనమ్మ కోసమే కడుతున్నారు... వద్దని ఆమెతోనే ఎలా చెప్పించను?

అందుకే ముగ్గు పెట్టాను. మా ఇంట్లో ముగ్గు ఎవరూ తొక్కరు. బాపు చూస్తాడు, ఇక్కడ ముగ్గేంటని అడుగుతాడు, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. బాపు ఆ వైపు రానేలేదు.

చూసింది పక్కింటి పెద్దమ్మ. పెరుగు తోడు కోసం వచ్చి ముగ్గు చూసింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వచ్చి, దాని మధ్యలో పసుపు, కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి పోయేది.

అమ్మేమో అది నాయనమ్మ మొక్కు అనుకుంది. నాయనమ్మేమో కోడలు మొక్కు అనుకుంది. ఎవరి మొక్కు వాళ్లది, అడగకూడదని ఇద్దరూ నోరు మెదపలేదు! అమ్మ రోజూ స్నానం చేసి అక్కడ చెంబెడు నీళ్లు పోసేది. నాయనమ్మ కర్ర పక్కన పెట్టి దండం పెట్టుకునేది. నేను తలుపు చాటు నుంచి చూస్తూ, గడ్డలకు నీళ్లయితే పడుతున్నాయి కదా అని సంబరపడేదాన్ని...

జాలారికి పరిచే షాబాద్ బండలు దిగాయి. మేస్త్రి వచ్చాడు. గడ్డపార ఎత్తబోయి కుంకుమ చూసి ఆగిపోయాడు. గడ్డపార గోడకు ఆనించి, చెప్పులు విప్పి దూరం జరిగాడు. ఇక్కడున్నది ఏ దేవతో చెప్పకుండా తాను తవ్వనని బాపుతో తెగేసి చెప్పాడు.

బాపు అందరినీ పిలిచాడు. అమ్మ నాయనమ్మను చూసింది. నాయనమ్మ అమ్మను చూసింది. గోడ మీది నుంచి పెద్దమ్మ, ముగ్గు ఉంటే తాను బొట్టు పెట్టిందే తప్ప తనకేమీ తెలియదంది. ఇక మిగిలింది నేనే.

"నీకేమన్న ఎరుకనా బిడ్డా?" అని అడిగాడు బాపు.

గోడ సున్నం గోకుతూ, "దేవత గాదు బాపు... మే పువ్వు గడ్డలు. ఈయేడు పూస్తయట. తవ్వితే సస్తయ్" అన్నాను.

బాపుతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

బాపు నాయనమ్మ వైపు చూశాడు. నేను కూడా ఆమెనే చూస్తున్నాను. జాలారి ఆమెది. ఆమె తవ్వమంటే ఇక అంతే.

"ఇన్ని దినాల సంది నేను మొక్కింది గడ్డలకానే?" అంది నాయనమ్మ. మోకాలు తడుముకుని, "అయినా మోకాళ్లు జర అల్కగైనట్టే ఉన్నయ్ తియ్" అంది.

మేస్త్రి అటు తిరిగి నవ్వుకున్నాడు. బండలు కొంచెం ఇవతలికి జరపమని, పిల్ల పెట్టుకున్న గడ్డలు ముట్టవద్దని నాయనమ్మే చెప్పింది. అట్లయితే ఒక మూల కోయాలి, జాలారి వంకరవుతుందని మేస్త్రి గొణిగాడు.

"కానియ్యి. తానం చేసుడే గద, గదేమన్న పెండ్లి మండపమా?" అని తేల్చేసింది నాయనమ్మ.

ఉగాది దాటి, ఎండలు ముదిరి, ఒక సాయంత్రం గాలివాన పడింది. తర్వాత కొద్ది రోజులకే ఆకు లేదు, కొమ్మ లేదు... మట్టిలోంచి నేరుగా ఒక లావుపాటి కాడ లేచింది. ఒక పొద్దున దాని తలమీద ఎర్రటి బంతి విచ్చుకుంది. పక్కనే ఇంకొకటి... దాని వెనుక మరొకటి!

బాపు పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. పెద్దమ్మ అలవాటుగా కుంకుమ తెచ్చింది. ఇప్పుడెందుకని అమ్మ నవ్వితే, ఇంత చక్కటి పువ్వుకు బొట్టు పెడితే తప్పేంటంది.

పెళ్లయ్యాక నేను పెద్ద అంబర్‌పేట్ వచ్చాను. మాది చిన్న కిరాయి పోర్షను. గేటు నుంచి గోడ దాకా అంతా సిమెంటే. పుట్టింటి నుంచి తెచ్చిన గడ్డలు పాత పెయింటు బకెట్లో పెట్టాను. నిన్న పూసింది. మా ఆయన ఫోటో తీసి, నలుగురికీ చూపించమన్నాడు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇప్పుడు ఇల్లు కట్టక ముందే నేలంతా సిమెంటు పోసేస్తున్నారు. కాలికి మట్టి అంటదు, బాగానే ఉంది... కానీ కింద ఏదైనా గడ్డ నిద్రపోతుందేమో, కొన్నాళ్లు ఆగుదామని అనే వాళ్లే లేరు.

మీ ఇళ్లల్లో ఒక మొక్క కోసం ఎప్పుడైనా గోడో, మెట్టో పక్కకు జరిగిందా? జరిగి ఉంటే రాయండి... జవాబు ఇవ్వడానికి నేను సిగ్గుపడొచ్చు గానీ, ఒక్కటి కూడా వదలకుండా చదువుతాను.