బొట్టు పెట్టిన డబ్బా

మా ఇంట్లో ఏ డబ్బా ఖాళీ అయినా, దాని అడుగున మేకుతో చిల్లు కొట్టిన తర్వాతే చెత్తలో వేస్తాను. నూనె డబ్బా అయినా, రంగు డబ్బా అయినా, బాత్రూమ్ కడిగే మందు సీసా అయినా అంతే. మా ఆవిడకు ఒళ్ళు మండుతుంది. "ఎవలకన్న పనికొస్తది గదా, ఈ మేకులు కొట్టుడేంది?" అంటుంది. ఎవరికైనా పనికొస్తుందనే నా భయమంతా. ఇప్పుడు సీసాల అడుగున మూడు బాణాల ముక్కోణం, మధ్యలో ఒక అంకె వేస్తున్నారు. ఒక కంపెనీవాడు పక్కన వేస్తాడు, ఇంకొకడు కనబడకుండా వేస్తాడు, మరొకడు అసలే వేయడు. దానికి అర్థమేమిటని అడిగితే మా వీధికి వచ్చే చెత్తబండి అతనికీ తెలియదు, అమ్మిన దుకాణదారుకూ తెలియదు. గుర్తు పెట్టేవాడు ఒకటి అనుకుని, చూసేవాడు ఇంకొకటి అనుకుంటే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. అందుకే నాకు మంట.

డెబ్బైల నడిమి సంవత్సరాల్లో ఒమాన్‌లో ఉన్నాను. రుస్తాఖ్ అనే ఊరు దాటాక కొండల కింద మా కంపెనీ ఒక బడి కడుతోంది. రూమ్‌లో అందరం కరీంనగర్ వైపు వాళ్ళమే, ఒక్క డ్రైవర్ తప్ప. అతను కడప సాయిబు. భాయ్ అని పిలిచేవాళ్ళం. మా వంట తింటూ వంకలు పెట్టేవాడు, వంకలు పెడుతూనే రెండోసారి వడ్డించుకునేవాడు. కంపెనీ పికప్ తోలేది అతనే. సైట్‌లో ఇంకెవరికీ బండి తోలడం రాదు. బియ్యం కావాలన్నా, జ్వరం వచ్చి ఆస్పత్రికి పోవాలన్నా అతనే దిక్కు.

అక్కడ డబ్బాలకు కరువు. ట్యాంకర్ వచ్చినప్పుడు నీళ్ళు పట్టిపెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి, ఖాళీ అయిన ప్రతి డబ్బానూ ఇసుకతో తోమి మళ్ళీ వాడేవాళ్ళం. నెయ్యి డబ్బాలో కిరసనాయిలు, కిరసనాయిలు డబ్బాలో సున్నం, రంగు డబ్బాలో నీళ్ళు. మీద అంటించిన కాగితాలు ఎండకు పెళుసెక్కి రాలిపోయేవి. రాలకపోయినా వాటి మీద ఉన్నది అరబ్బీ, ఇంగ్లీషు. మాకు చదవరాదు. వాసన చూసి పోల్చుకుందామంటే, తాగే నీళ్ళు కూడా కిరసనాయిలు కంపే. మొదట్లో ముక్కు మూసుకుని తాగేవాళ్ళం. పోనుపోను ఆ కంపు మాకు తెలియడమే మానేసింది. అదెంత చెడ్డ సంగతో అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఒకరోజు సున్నపు నీళ్ళతో అన్నానికి ఎసరు పెట్టారు. నోళ్ళు పొక్కిన తర్వాత మా మేస్త్రీ ఒక కట్టుబాటు పెట్టాడు. ఆయన మా అందరికంటే పెద్దవాడు, భక్తిపరుడు. ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుమ భరిణె ఆయన పెట్టెలో ఉండేది. కుంకుమలో నూనె కలిపి తాగే నీళ్ళ డబ్బాలన్నిటికీ బొట్లు పెట్టాడు.

"బొట్టున్నదే తాగాలె. బొట్టు లేనిదాన్ని ముట్టొద్దు. సమజైందా?" అన్నాడు.

సాయిబు ఏమంటాడో అని అందరం అతని వైపు చూశాం. అతను బొట్టున్న డబ్బాలోంచి గ్లాసు ముంచుకుని గటగటా తాగాడు. "నీళ్ళకు మతమేందప్పా? గుర్తుంటే చాలు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ గుర్తును మా అందరికంటే గట్టిగా పాటించింది అతనే. మేం మరిచిపోయి దేంట్లోనో చేయి పెడితే కసురుకునేవాడు.

తర్వాత పునాదులకు పోయడానికి చెదల మందు వచ్చింది, పెద్ద ఇనుప డ్రమ్ములో. దాని మీద పుర్రె బొమ్మ ఉండేదని ముందు చూసినవాళ్ళు అన్నారు. నేను చూసేసరికి కాగితంలో ఒక మూల మాత్రమే మిగిలింది. నీళ్ళలో కలిపితే మందు తెల్లగా మారేది. దాన్ని చిన్న డబ్బాల్లో పోసుకుని గుంతల దగ్గరికి మోసేవాళ్ళం. పోసిన చోట తేళ్ళు వెల్లకిలా పడి ఉండేవి. కొద్ది రోజులకు సైట్ చుట్టూ పిట్టలు వాలడం కూడా తగ్గింది. నా మనసెందుకో కీడు శంకించేది. ఎవరితోనైనా అంటే నవ్వుతారని ఊరుకున్నాను.

ఆ ఏడాది దసరా శుక్రవారం వచ్చింది, డ్యూటీ లేదు. పొద్దున్నే సాయిబు జుమ్మా నమాజుకు రుస్తాఖ్ బయలుదేరాడు. మేం పెరుగు తెప్పించి మజ్జిగ చేస్తున్నాం.

"నాకు కొంచెం దాచిపెట్టండప్పా. మీరు అంతా ఊడ్చేసే రకం" అన్నాడు.

"నీ డబ్బ నీళ్ళ డబ్బల కాడనే పెడ్తం, పోయిరా భాయ్" అన్నాడు మేస్త్రీ.

దసరా నాడు మావాళ్ళు పనిముట్లకు పూజ చేస్తారు. తాపీలు, పారలు, గడ్డపారలు, సిమెంట్ మిక్సర్, అన్నం పెట్టే వస్తువు ఏదైనా సరే, కడిగి బొట్టు పెట్టాల్సిందే. సైట్‌లో నీడ ఉన్నది ఒక్క రేకుల షెడ్డు కిందే. నీళ్ళ డబ్బాలు ఉండేది అక్కడే. పనిముట్లన్నీ కూడా అక్కడికే తెచ్చి వరసగా పేర్చారు. మేస్త్రీ స్నానం చేసి, పెదవుల్లో ఏదో చదువుకుంటూ, వరస పొడుగునా ఉంగరం వేలితో బొట్లు పెట్టుకుంటూ పోయాడు. వరస చివర ముందురోజు మిగిలిన చెదల మందు డబ్బా ఉంది. అదీ పని వస్తువే కదా. దానికీ పెట్టాడు. దండం పెట్టుకున్నాడు.

మజ్జిగ డబ్బాను ఈగలు ముసురుతున్నాయని మేం రూమ్‌లోకి తీసుకుపోయాం. తిన్నాం, రూమ్‌లో నడుం వాల్చాం. పికప్ వచ్చిన చప్పుడు విని నేను లేచి బయటికి వచ్చాను. సాయిబు షెడ్డు కింద నిలబడి గ్లాసు దించుతున్నాడు. మీసాల మీద తెల్లగా ఉంది.

"ఏందప్పా ఇది, ఇంత చేదెక్కింది? రాత్రి పెరుగా?" అన్నాడు.

కేక పెట్టాను. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి డబ్బాలోకి చూశాడు. "అది మందు భాయ్! చెదల మందు!"

సాయిబు నమ్మలేదు. వేలితో డబ్బాను చూపించాడు. "బొట్టు ఉందే" అన్నాడు.

ఆ మాటకు మేస్త్రీ ముఖం చూడలేకపోయాను. సాయిబు గొంతులో వేలు పెట్టుకుని కక్కాడు. కానీ ఆస్పత్రికి తీసుకుపోయేదెవరు? ప్రతిసారీ తీసుకుపోయేది అతనే. అతనే లేచి తాళం చెవి తీశాడు. "నువ్వు పక్కన కూర్చో అబ్బీ, నేనే తోలతా" అన్నాడు. దారంతా వాగులో గులకరాళ్ళు. పెదవులు తిమ్మిరెక్కుతున్నాయని ఒకసారి చెప్పాడు. చేతులు అదరడం మొదలైంది. నేను అతని చేతుల మీద చేతులు వేసి స్టీరింగ్ పట్టుకున్నాను. అతను చనిపోతాడని, నేను కూడా అక్కడే పోతానని అనుకున్నాను. ఆస్పత్రి గేటును గుద్దుకుని బండి ఆగింది. అప్పటికే అతనికి ఫిట్స్ వచ్చాయి.

మలయాళీ డాక్టర్ ఒకాయన హిందీలో అడిగాడు, ఏం తాగాడని. చెదలకు మందు అన్నాను. ఏ మందు, డబ్బా మీద ఏం రాసి ఉంది అని గద్దించాడు. మందును బట్టి వైద్యమట. డబ్బా మీద ఏముంది? నేను నా నుదుటి బొట్టును చూపించాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

సాయిబును మంచానికి కట్టేశారు. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. నేను సైట్‌కు, ఆస్పత్రికి దొరికిన బండి పట్టుకుని తిరిగాను. కొన్నాళ్ళకు అతను కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. అతను మాత్రం ఒక్కటే అడిగాడు.

"ఆ డబ్బా ఏం చేసినారు?"

"మేస్త్రి సైట్ గోడ అవుతలికి ఇసిరేసిండు భాయ్, అదే దినం."

"బొట్టు తుడిచినారా?"

తుడవలేదు. తుడిస్తే మాత్రం ఏమిటి? ఆ దేశంలో అప్పుడు చిల్లు లేని డబ్బాను ఎవరూ వదిలిపెట్టేవారు కాదు. మేం వదిలామా?

సైట్‌కు రాగానే మేస్త్రీకి చెప్పాను. ఇద్దరం గోడ అవతలికి పోయాం. ఇసుకలో గుండ్రటి గుర్తు ఉంది, డబ్బా లేదు. ఇంకా చెరగని ఎవరిదో గాడిద అడుగులు పక్క ఊరి ఖర్జూరం తోటల వైపు పోయాయి. మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని ముందు నడిచాడు. మొదటి ఇంట్లో ముసలాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. నుదుటి మీద వేలు పెట్టి ఎర్రది, ఎర్రది అని సైగ చేశాం. ఆయనకు అర్థమైంది. తల ఊపి, ఇసుకతో తోమినట్టు చేతులు ఆడించి, లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చాడు. తళతళలాడుతోంది. మాది అవునో కాదో చెప్పడానికి దాని మీద ఏమీ మిగల్లేదు. దాంట్లోంచే గిన్నె ముంచి మాకు నీళ్ళు అందించాడు.

మేస్త్రీ గిన్నె అందుకోలేదు. డబ్బాను లాక్కుని కింద పెట్టి గడ్డపారతో అడుగు దాకా పొడిచాడు. నీళ్ళన్నీ ఇసుకలోకి పోయాయి. ముసలాయన ముందు నోరు తెరిచాడు, తర్వాత అరిచాడు. ఆ అరుపుకు తోటలోని ఇళ్ళవాళ్ళంతా బయటికి వచ్చారు. ఎందుకు పొడిచామో చెప్పే భాష మాకు రాదు. తోసుకుంటూ మమ్మల్ని వెళ్ళగొట్టారు.

సాయిబు బతికాడు. చేతుల అదురు మాత్రం తగ్గలేదు, కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది. ఆ రోజు తోటలోంచి బయటపడుతూ నేను వెనక్కి చూశాను. పక్క ఇంటి గడప మీద అలాగే తళతళ తోమిన డబ్బా ఇంకొకటి ఉంది. దాని పక్క ఇంటి ముందు రెండు ఉన్నాయి.