ఆరున్నర రూపాయల తరుగు

ఆ రోజుల్లో మా ఆమదాలవలసలో బ్యాంకులోకి వెళ్ళడమంటే పెద్దాసుపత్రిలోకి వెళ్ళినట్టుండేది. గుమ్మం దాటగానే అందరి గొంతులూ వాటంతటవే తగ్గిపోయేవి. సంతలో పక్క ఊరికి వినబడేలా బేరమాడే మనుషులు కూడా అక్కడ గుసగుసలాడేవారు. తలుపు దగ్గర తుపాకీతో జవాను, లోపల ఇనుప కటకటాల వెనక గుమస్తాలు, వాళ్ళ వెనక అద్దాల గదిలో ఏజెంటు గారు (మేనేజరుని అప్పట్లో ఏజెంటు అనేవారు. ఎవరికి ఏజెంటో నాకు చాలాకాలం తెలీలేదు). మన డబ్బు మనం తీసుకోవడానికి వెళ్ళి, అప్పడగడానికి వచ్చినవాళ్ళలా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళం. కూర్చున్న చోటు నుంచే ఫోన్లో డబ్బు పంపించే మా మనవరాలు ఈ మాట విని, "అంత భయమైతే ఎందుకు వెళ్ళావు అమ్మమ్మా?" అంది. ఎందుకు వెళ్ళానంటే, ఇంట్లో బియ్యం లేక వెళ్ళాను.

అప్పటికి నాకు ఇరవై నిండాయి. ట్రైనింగు పూర్తిచేసి ఊరి చివర ఒక ఎయిడెడ్ స్కూల్లో టీచరుగా కుదిరాను. మా నాన్న రైల్వే గూడ్సు షెడ్డులో ధాన్యం బస్తాలు మోసే కళాసీ. జీవితమంతా వీపు మీద బస్తాతో గడిపిన మనిషి గనక, కూతురు కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తోందని చెప్పుకోవడం ఆయనకు మహా సరదా. (మా బడిలో ఉన్న ఒక్క కుర్చీ హెడ్మాస్టరుదని నేనాయనకి చెప్పలేదు.) నేను చేరిన ఏడాదే వానల్లో బస్తాల వరస జారి ఆయన కాలి మీద పడింది. నాటు వైద్యుడు వెదురు బద్దలతో కట్టు కట్టి, మంచం దిగొద్దన్నాడు. దాంతో కూలి ఆగిపోయి ఇల్లు నా జీతం మీద పడింది. నా జీతమేమో ప్రభుత్వం వారి గ్రాంటు మీద పడింది. "గ్రాంటు రానీ అమ్మా" అనేవారు కరస్పాండెంటు గారు. బడి ఆయనదే, ఊళ్ళో పెద్దమనిషి. రెండు నెలలు ఓపిక పట్టి, ఒకరోజు ఆయన అరుగు మీదే ఏడ్చేస్తే, బెంబేలెత్తి చెక్కు రాసిచ్చారు. ఆ చెక్కు వేసుకోవడం కోసమే అయిదు రూపాయలు కట్టి ఖాతా తెరిచాను. అయిదుకి తగ్గకుండా ఉంచాలన్నారు. అమ్మ పోపులడబ్బాలోంచి ఇంకో మూడు రూపాయలు తీసి, "అక్కడుంటే కరుసవ్వదు" అని ఇచ్చింది.

కొన్నాళ్ళకి బడికి నా పేరు మీద ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం వచ్చింది. నాకు అలాంటి ఉత్తరం రావడం అదే మొదలు. నేనిచ్చిన చెక్కు 'రిటర్న్' అయిందనీ, నా ఖాతాలో ఆరున్నర రూపాయలు 'డెబిట్' చేశామనీ అందులో ఉంది. పనైపోయాక చెక్కు కాగితం తిరిగిచ్చేస్తారు కాబోలనుకున్నాను. డెబిట్ అంటే మాత్రం నాకు తెలీదు. పక్కవాళ్ళని అడిగితే టీచరుగిరీకి నామర్దా. కింద 'మీ విధేయుడు' అని ఏజెంటు గారి సంతకం ఉంది. అంత పెద్దమనిషి నాకు విధేయుడయ్యాడంటే మంచి కబురే అయ్యుంటుందని తేల్చుకుని, ఇంటికెళ్ళి "జీతం పడింది. బ్యాంకువాళ్ళు పైన ఇంకో ఆరున్నర వేశారు" అని ప్రకటించాను.

"బేంకోలు మంచోలేనే!" అని అమ్మ దండం పెట్టింది.

"మన కష్టం ఎవలో సెప్పుంతారు" అని మంచం మీంచి నాన్న వివరించాడు.

మర్నాడు బియ్యం కొట్టు షావుకారుతో సాయంత్రానికల్లా పాత బాకీ తీర్చేస్తానని గొప్పగా చెప్పి మరీ బ్యాంకుకి వెళ్ళాను. యాభై రూపాయలకి ఫారం రాసి లోపలికి తోశాను. ఆ కిటికీలో కూర్చునే గుమస్తా ఎవరేం అడిగినా ముందు 'రేపు రండి' అనేవాడు. ఊళ్ళో ఆయన పేరే 'రేప్రండి' గారు. ఆయన నా ఫారం చూశాడు, నన్ను చూశాడు. ఆ మాట కూడా అనడం మరిచిపోయి, "మీ ఖాతాలో ఉన్నది రూపాయిన్నరమ్మా" అన్నాడు.

నేను ఏజెంటు గారి ఉత్తరం తీసి చూపించాను. అద్దాల గదిలోకి పంపించారు. ఏజెంటు గారు కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినాయన. ఓపిగ్గానే చెప్పారు. కరస్పాండెంటు గారి ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొచ్చిందట. అలా వచ్చినందుకు నాకు మూడున్నర ఖర్చు. ఆ మూడున్నర తీసేసరికి నా నిలవ అయిదుకి తగ్గిందట. తగ్గినందుకు రెండు రూపాయల జరిమానా. ఈ శుభవార్త నాకు తెలియజేస్తూ ఉత్తరం రాసినందుకు ఇంకో రూపాయి. "రూల్సమ్మా" అని ఆయన రెండు చేతులూ చాపారు. ఆ క్షణంలో నేనేమన్నానో తెలుసా? "థాంక్యూ సార్" అన్నాను. అని, షావుకారు కంట పడకుండా రైలు పట్టాల పక్కనుంచి చుట్టుతిరిగి ఇంటికి పోయాను.

ఇంట్లో మా మేనత్త ఉంది. నాన్న కాలు చూడ్డానికి ఊరి నుంచి ఉలవలు, గుమ్మడికాయ పట్టుకొచ్చింది. నరసన్నపేట దగ్గర కాస్త మడిచెక్క ఉండేది ఆవిడకి. మామయ్య పోయాక తనే చేయించుకుంటూ, తనే పండింది అమ్ముకుంటూ, ఎవరికీ తలవంచకుండా బతికేది. వాళ్ళ ఊళ్ళో ఆవిణ్ణి 'కలెక్టరమ్మ' అనేవారు. తరుగు అన్న మాట వింటే చాలు, ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. ధాన్యంలో చెమ్మ ఆరితే బరువు తగ్గుతుందని చెప్పి, కొనే వర్తకులు బస్తాకింత అని ముందే కోసుకుంటారే, అదీ తరుగు. నేను ఏడుస్తూ చెప్పిందంతా అత్త అడ్డపొగ పీలుస్తూ వింది. (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మా వైపు అడ్డపొగ అంటారు. చూసేవాళ్ళకి నిప్పూ కనబడదు, పొగా కనబడదు.)

"ఆ సెక్కు ఎవలిచ్చినారే?"

"కరస్పాండెంటు గారు."

"డబ్బులు నేకపోయినాది ఎవల కాతాలో?"

"ఆయన ఖాతాలో."

"తరుగు తీసినది ఎవల కాడ?"

"నా దగ్గర."

అత్త చుట్ట బయటికి తీసింది. "ధాన్నానికంటే సెమ్మ ఆరతాది. డబ్బులకేటే ఆరతాది? రేపు నానొస్తాను, పద."

"వద్దత్తా, అక్కడ గట్టిగా మాట్లాడకూడదు."

"నాను గట్టిగా ఎప్పుడు మాటాడినానే!" అని అత్త అరిచిన అరుపుకి పక్కింటావిడ ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చింది.

మర్నాడు సంత. ధాన్యం అమ్ముకున్న రైతులంతా డబ్బు దాచుకోవడానికి వచ్చి బ్యాంకులో కిటకిటలాడుతున్నారు. గుమ్మంలోనే జవాను అత్తని ఆపి, లోపల చుట్ట కాల్చకూడదన్నాడు. "ఎక్కడ కాలతన్నాదిరా బావు? సూపించు" అంది అత్త పళ్ళ మధ్య నుంచే. అతను వంగి చూశాడు, అటునుంచి చూశాడు. నిప్పు కనబడితే కదా! అతను తేల్చుకునేలోపు మేం లోపలికెళ్ళిపోయాం. (లోపలికెళ్ళాక తనే ఆర్పేసి కొంగున ముడేసుకుంది. మర్యాద తెలిసిన మనిషి.)

కిటికీ దగ్గర గుమస్తా మమ్మల్ని చూడకుండానే "రేపు రండి" అన్నాడు.

"రేపటికి ఇంకెంత తరిగిపోతాదో బావు! మా కోడలి డబ్బులు ఎనిమిది రూపాయలెడితే రూపాయిన్నరకొచ్చీసినాయి. నాలుగు నాళ్ళాగితే సంచీ మిగుల్తాది."

ఆ మాట ఆ హాల్లో ఎలా పడిందో చెప్పలేను. మా ముందు ఒక ముసలి రైతు నోట్ల కట్ట కటకటాల్లోంచి లోపలికి ఇవ్వబోతున్నాడు. చాపిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ఏటి? బేంకిలో కూడా తరుగేటి?" అన్నాడు. "బస్తాకెంత?" అన్నాడు ఇంకొకడు. "నాది సూడండి బావు, నాదెంత తరిగినాదో!" అని నలుగురు ఒక్కసారి కిటికీ మీద పడ్డారు. ఎవరో బయటికి పరుగెత్తి సంతలో చెప్పేశారు. తలపాగాలు, తట్టలు, చంకన పిల్లలు, ఎవరిదో కోడిపుంజు - జనమంతా లోపలికి. జవాను గోడకి అతుక్కుపోయాడు. "టీచరమ్మా, నాది సదువు" అంటూ నా చేతిలో పాస్ బుక్కులు పెడుతున్నారు. రేపటి నుంచి నా ఉద్యోగం, నాన్న కట్టు, అమ్మ పోపులడబ్బా, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

అద్దాల తలుపు తెరుచుకుని ఏజెంటు గారు వచ్చారు. అత్త ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఏం బావు, సెక్కు ఆడు రాస్తే ఈ గుంట సెయ్యి ఇరిసీడమేటి? మీ కాడ నాయం ఇలగేటి?" అని అడిగింది.

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటోందమ్మా ఆవిడ?" అని నన్నడిగారు.

"మీకు... నమస్కారం చెబుతోంది సార్" అన్నాను.

ఆయన అత్తకి నమస్కారం పెట్టారు. హాలంతా గొల్లున నవ్వింది. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం కాదు. బేరానికి మనతో తోడొచ్చిన మనిషే తూకాన్ని అవతలివాడి వైపు మొగ్గిస్తే చూసే చూపు. "సరిగ్గా సెప్పవే" అంది మెల్లిగా. ఆవిడ మెల్లిగా మాట్లాడ్డం నేను వినడం అదే మొదటిసారి.

నేను గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాను. "చెక్కు రాసిచ్చింది వేరేవాళ్ళు, డబ్బు లేనిది వాళ్ళ ఖాతాలో, శిక్ష నాకెందుకు అంటోంది సార్."

"అది రూలని నిన్న చెప్పానుగా."

"సిగ్గు నేదేటి?" అంది అత్త. అంతే. రెండు మాటలు.

"ఏమంటోంది?"

ఎక్కణ్ణించి వచ్చిందో నాకు గొంతు వచ్చింది. "మీరు మూడున్నర తియ్యకపోతే నా ఖాతాలో ఎనిమిది ఉండేది అంటోంది సార్. మీరే తీసి, మీరే తగ్గిందని జరిమానా వేశారు అంటోంది. పైగా తీశామని చెప్పడానికి రూపాయి పుచ్చుకున్నారు. ఇంట్లో దొంగ పడ్డా, పడ్డానని ఉత్తరం రాసి ఆ ఖర్చు మా దగ్గర వసూలు చెయ్యడు సార్. మా నాన్న కాలు విరిగి మంచంలో ఉన్నాడు. రెండు నెలలుగా జీతం లేదు. ఇవాళ ఇంట్లో బియ్యం గింజ లేదు. మీ రూల్లో ఇవేవీ ఉండవా అని అడుగుతోంది సార్."

ఏజెంటు గారు నన్నూ అత్తనీ మార్చి మార్చి చూశారు. తర్వాత, "ఆవిడ అన్నది రెండే మాటల్లా ఉన్నాయే?" అన్నారు.

"మా వైపు భాష అంతే సార్. కొంచెంలో చాలా ఉంటుంది."

ఆయన పెదవులు వణికాయి. నవ్వు ఆపుకుంటున్నారని అప్పుడు నాకు తెలీదు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. ఈలోగా వెనక నుంచి ముసలి రైతు, "ఇంతకీ ఆ సెక్కు ఎవలిది?" అని అడిగాడు. అత్త ఆ శుభనామాన్ని ఇంటిపేరుతో సహా, సంత చివరిదాకా వినిపించేలా చెప్పింది.

ఏజెంటు గారు ఒకసారి జనాన్ని చూశారు. ముసలి రైతు నోట్ల కట్ట ఇంకా గుండెకి హత్తుకునే ఉన్నాడు. "ఎవరి డబ్బూ తరగదు. అందరూ వరసలో నిలబడండి" అని గట్టిగా చెప్పి, మా ఇద్దరినీ గదిలోకి పిలిచి కుర్చీలు చూపించారు. గుమస్తాని కేకేసి మూడున్నర, రెండు, ఒక రూపాయి, అన్నీ నా ఖాతాలో తిరిగి వేయించారు. గుమస్తా అలవాటు కొద్దీ "రేపు..." అనబోతే, "ఇప్పుడే" అన్నారు. మాకు కాఫీ తెప్పించారు. అత్త గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికెంత తరుగుతారు?" అంది. ఈసారి నేను చెప్పనక్కర్లేకుండానే ఆయనకి అర్థమైంది. పడీపడీ నవ్వారు. "మీ అత్తయ్యలాంటి మనిషి మా వైపు ఒక్కరున్నా నేనీ వయసుకి పెద్దాఫీసులో ఉండేవాణ్ణమ్మా, లేదా ఉద్యోగమే ఉండేది కాదు" అన్నారు.

మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే కరస్పాండెంటు గారు బడికొచ్చారు. నన్ను వరండాలోకి పిలిచి, రెండు నెలల జీతం నోట్ల రూపంలో చేతిలో పెట్టి, "మనలో మనకి చెక్కులెందుకమ్మా" అన్నారు. ఆయన ఆ తెల్లవారే క్షౌరానికి వెళితే, అక్కడ కూర్చున్నవాళ్ళంతా కళాసీ కాలెలా ఉందని ఆయన్నే అడిగారట. ఆపైన గ్రాంటు వచ్చినా రాకపోయినా నా జీతం మాత్రం వచ్చేది.

కానీ నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తున్నది ఆ నోట్లు కాదు, ముందు రోజు మధ్యాహ్నం. ఖాతాలోంచి మూడు రూపాయలు తీసుకుని, బియ్యం కొని, ఇంటికి నడవబోతుంటే అత్త రిక్షాని పిలిచింది. "కలకటేరు నడుస్తాడేటే?" అంది. అంత దూరానికి రిక్షా ఎక్కడం మా వంశంలో లేదు. ఒళ్ళో బియ్యం సంచీ పెట్టుకుని, నడుము నిటారుగా, గడ్డం కాస్త పైకెత్తి, సంతలోంచి వెళ్ళాను. దారికి రెండువైపులా ఉన్న ఆమదాలవలస మొత్తం నన్నే చూస్తోందనీ, 'అదిగో, బ్యాంకుని గెలిచిన పిల్ల' అనుకుంటోందనీ నాకు గట్టి నమ్మకం. ఇప్పుడాలోచిస్తే తెలుస్తోంది. ఎవరి బేరంలో వాళ్ళున్నారు. ఒక్కరూ తలెత్తి చూసుండరు. పక్కనున్న అత్త కూడా అప్పటికే కునుకు తీస్తోంది. ఆ సంగతి ఆ పిల్లకి చెప్పేద్దామనే అనుకుంటాను గానీ, రిక్షాలో అంత నిటారుగా కూర్చున్నదానికి ఎలా చెప్పను? నవ్వుకుని ఊరుకుంటాను.